గోడ మీదికొచ్చిన తాత

నిన్న అశోక్ చౌక్ దగ్గర నడుస్తుంటే ఎవరింట్లోంచో తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన తగిలింది. ఆ వగరు వాసనకు తంబాకు ఘాటు కలిస్తే మా నాయనమ్మ. దానికి మగ్గాల నూనె కూడా కలిస్తే కుంఠా నాకాలోని మా పాత ఇల్లు.

ముందుగది నాయనమ్మది, వెనకగది పవర్‌లూమ్‌లది, రెంటికీ నడుమ ఒక గోడ, ఆ గోడకు దండ వేసిన తాత ఫోటో. ఎండాకాలం సెలవుల్లో, మగ్గాల దడదడకు కంచాలు అదురుతుంటే, మేం పల్లీల పొడితో కరకరలాడే కడక్ జొన్నరొట్టె నములుతుంటే, నాయనమ్మ వీధి తలుపుకు ఎదురుగా, గోడవైపు వీపు చేసి, ఒళ్లో చాటతో కూర్చునేది. తునికాకు మీద కొలత రేకు పెట్టి, దాని అంచు వెంట కత్తెర తిప్పి బీడీకి సరిపడా ముక్క కోసేది. తలుపులోంచి పడే పొద్దుగూకే ఎండే ఆమెకు దీపం.

ఒక ఎండాకాలం ఆ గోడ మీద అరచేయంత వెలుగు కనిపించింది. తాత ఫోటో చుట్టూ వణుకుతూ తిరిగింది. ముందుగా చూసింది, నాయనమ్మకు ఎదురుగా కూర్చుని బీడీలు చుట్టే పక్కింటి లక్ష్మి.

"అత్తా! మామ వచ్చిండు!"

నాయనమ్మ చేతిలోవన్నీ చాటలో పడేసి, వెనక్కి తిరిగి దండం పెట్టింది. వెలుగు లేదు.

"బతికినన్నాళ్లు గంతే. నన్ను జూస్తె సాలు, బయిటికి నడిశేటోడు."

రోజూ ఇదే వరస. ఆమె పనిలో ఉంటే వస్తాడు, చేతులు జోడిస్తే మాయం. వాడలో మూడు సిద్ధాంతాలు పుట్టాయి: తాత ఆత్మ అని లక్ష్మి, మార్కండేయ స్వామి జ్యోతి అని ఎదురింటాయన, పైరేకుకు చిల్లు పడిందని అమ్మ. అమ్మ సిద్ధాంతానికి ఒక్క కొబ్బరికాయా రాలేదు. మిగతా రెంటి పుణ్యాన మాకు రోజూ కొబ్బరి పచ్చడే.

చిక్కేమిటంటే, ఆ గోడ తీసేసి కొత్త మగ్గం పెట్టాలని బాపు, అంటే మా నాన్న, అప్పటికే నిశ్చయించుకున్నాడు.

"గోడ దీస్తె ఆయిన ఏడ గూసుంటడ్రా?"

"మగ్గం మీద గూసుంటడు తియ్యవ్వా," అన్నాడు బాపు తల్లితో.

మేస్త్రీ వచ్చిన సాయంత్రం నాయనమ్మ మొండిగా తలెత్తకుండా ఆకు కోస్తూనే ఉంది. అతను గోడ ముందు నిలబడి సుత్తె ఎత్తాడు. ఫోటో మీది వెలుగు మెల్లగా దిగి అతని బట్టతల మీద ఆగింది.

"మేస్త్రీ! మామ నీ నెత్తి మీదున్నడు!" లక్ష్మి కేక పెట్టింది.

"మాఝ్యానే హోణార్ నాహీ, ఆజీ! నాతోని గాదు!" అంటూ ఆ మరాఠీ మేస్త్రీ సుత్తెనూ చెప్పులనూ వదిలి పరుగెత్తాడు.

నాయనమ్మ పక్కనే ఉన్న నాకు అప్పుడు ఆమె చేతిలో మెరుస్తున్న రేకు కనిపించింది. "నాయనమ్మా, దాన్ని వంచు." వంచింది. వెలుగు దూలం ఎక్కింది. మళ్లీ వంచింది. బాపు ముక్కు మీదికొచ్చింది.

బాపు పగలబడి నవ్వాడు. "సూసినవా అవ్వా, ఉత్త ఎండ! రేపే గోడ దీపిస్త."

నాయనమ్మ నవ్వలేదు. రేకు అంచును బొటనవేలితో తుడిచింది. "నూనె డబ్బ కోసి ఈ రేకు జేసిచ్చిందెవలు?"

బాపు నవ్వు ఆగింది. చేసిచ్చింది తాతే. నాయనమ్మ రేకును బాపు ముందుకు ఎత్తి చూపింది.

"మరి గిండ్లకెల్లి గాకుంటె ఎట్లొస్తడ్రా? బస్సెక్కి వస్తడా?"

గోడ నిలిచింది. కొత్త మగ్గం వంటింటి దారిలో కూర్చుంది; నాయనమ్మ ఉన్నన్నాళ్లూ మేం అన్నం గిన్నెలతో సహా పక్కకు తిరిగి నడిచాం.

ఇప్పుడు ఆమె లేదు, గోడ లేదు, మగ్గాలు తుక్కుకు పోయాయి. రేకు నా దగ్గరుంది. నిన్న ఇంటికొచ్చి దాన్ని కిటికీ ఎండలో పట్టుకున్నాను. వెలుగు ఎంత వాలుగా పడితే అంతే వాలుగా తిరిగిపోతుందని రాసి పరీక్ష పాసైనవాణ్ణి. అయినా అది గోడ మీదికొచ్చి వణకగానే దండం పెట్టబుద్ధయింది. దానికి రెండు చేతులూ కావాలి. రేకు కింద పెట్టాను.

నన్ను చూసి కూడా బయటికే నడిచాడు తాత.