నానమ్మ రేడియోకి ఆలూ కరెంటు

నేను చదువుకున్న చదువుతో ఒకే ఒక్క సాయంత్రం రెండు కిలోల ఆలూని, ఒక రేడియోని, మా నానమ్మ ప్రాణాన్ని కలిపి తీగతో కట్టాను. ఏది మిగిలిందో చివర్లో చెబుతాను. ఈలోగా నవ్వొస్తే నవ్వుకోండి, నేనేం అనుకోను. కూరలో ఆలూ ముక్క కనిపిస్తే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

అప్పట్లో మేం కలకత్తాలో షాలిమార్ గూడ్సు యార్డు పక్కన రేకుల లైన్లలో ఉండేవాళ్ళం. నాన్న రేవులో ఖలాసీ, బరువుల పని. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది నానమ్మే. నేను పన్నెండో తరగతి సైన్సు. మా లైన్లో సైన్సు చదివేవాడిని నేనొక్కణ్ణే కాబట్టి, సైన్సు కనిపెట్టింది కూడా నేనే అన్నట్టు తిరిగేవాణ్ణి.

నానమ్మ శ్రీకాకుళం సముద్రం ఒడ్డునుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆమె చెవి అక్కడే ఉండిపోయింది. రెండు సెల్లుల రేడియో ఒకటి ఉండేది. పొద్దుగూకాక గరగరల మధ్య విశాఖ స్టేషను దొరికేది. సెల్లులు నీరసిస్తే ఆమె పారేసేది కాదు. పగలంతా రేకు మీద ఎండబెట్టేది. సాయంత్రానికి అవి లేచి ఇంకో పావుగంట పలికేవి.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. నానమ్మ చిన్నకొడుకు, అంటే మా చిన్నాన్న, ఊళ్ళో పడవెక్కి వేటకెళ్ళేవాడు. వెళ్ళిన పడవలు ఇంకా తిరిగి రాలేదని రేడియోలో చెప్పిన దగ్గర్నుంచి ఆమె అన్నం ముట్టలేదు. ఆ మర్నాడు బంద్. కలకత్తాలో బంద్ అంటే తెలుసుగా, కాకి కూడా పార్టీని అడిగి ఎగరాలి. అందుకని ముందురోజే నాన్న నన్ను బజారుకు పంపాడు. కొత్త సెల్లులు, ఆలూ తెమ్మన్నాడు.

ఆలూ దొరికింది. సెల్లులు మా వీధి కొట్లో అయిపోయాయి, శిబ్‌పూర్ బజార్లో ఉంటాయన్నాడు కొట్టువాడు. ఇరవై నిమిషాల నడక. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, ఆ వారమే క్లాసులో మాస్టారు ఒక ఆలూకి ఒక వైపు రాగి, ఇంకో వైపు జింకు గుచ్చి, మీటరు ముల్లు కదిలించి చూపించాడు. ఒక ఆలూకి ముప్పాతిక వోల్టు పైనే. రేడియోకి మూడు వోల్టులు. నాలుగో అయిదో ఆలూలు చాలు. ఇంత చదువు చేతిలో ఉండగా శిబ్‌పూర్ దాకా నడవడం నాకు నామోషీ అనిపించింది.

ఇంటికొచ్చి నానమ్మతో ఆ మాటే చెప్పాను. ఆమె సంచిలోంచి ఒక ఆలూ తీసి తిప్పి చూసింది.

"ఆలూతోటి పలుకుతాదేట్రా?"

"పలుకుతాది. నువ్వు సూస్తుండు."

"సదూకున్నోడివి. నువ్వంటే అదే నిజం," అంది. 

బంద్ రోజు మధ్యాహ్నం నాన్న, ఊరినుంచి ఎవరికైనా టెలిగ్రాం వచ్చిందేమో కనుక్కుందామని లైన్లన్నీ తిరగడానికి వెళ్ళాడు. నేను పని మొదలుపెట్టాను. రాగి తీగ ఉంది. జింకు లేదు. సెల్లు పై డొప్ప జింకే అని మాస్టారు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. రేకు మీద ఎండలో రెండు సెల్లులు కాగుతున్నాయి. నిన్నటివరకు మా ఇంటికి వార్తలు చెప్పినవి అవే, ఇవాళ కూడా పావుగంట చెప్పగలిగినవి. వాటిని దించి, కోసి, డొప్ప విప్పి ముక్కలు చేశాను. ఇంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఈ కథలో ఉండదనుకుంటున్నారా? ఆగండి.

నానమ్మ ఆలూలు కడిగి తుడిచింది. విశ్వకర్మ పూజనాడు నాన్న పనిముట్లకు పెట్టినట్టే ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఇంతలో కరెంటు పోయింది, చీకటి పడింది. మేకుకి వేలాడుతున్న నాన్న డ్యూటీ టార్చి ఆమె తీసుకుని నాకు వెలుగు పట్టింది. అయిదు ఆలూలు కలిపి రేడియోకి తగిలించాను. అది టిక్కుమంది. అంతే. పది కలిపాను. ఇంకోసారి టిక్కుమంది. వోల్టులుంటే సరిపోదు, తోసే సత్తువ కూడా ఉండాలని నాకప్పుడు తెలియదు. పక్కింటి బెంగాలీ బిమల్‌దా గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"ఆలూ తో ఖాబార్ జినిశ్, భాయ్," అన్నాడు. ఆలూ తినే వస్తువు కదా తమ్ముడూ అని. ఆయన్ని అజ్ఞాని కింద జమకట్టి, మిగిలినవన్నీ కూడా గుచ్చేశాను.

గంట గడిచింది. వార్తల వేళ అయింది. నానమ్మ టార్చి నా చేతుల మీద పట్టుకుని, చెవి రేడియోకి ఆనించి కూర్చుంది. నేను తీగలు విప్పి మళ్ళీ బిగిస్తున్నాను. చిన్నాన్న ఉన్నాడో లేడో చెప్పే గొంతు ఆ పెట్టెలో ఉంది, దాన్ని నేనే మూసేశాను.

అప్పుడే నాన్న వచ్చాడు. టెలిగ్రాం ఎవరికీ రాలేదట. ఆలూల వంక చూశాడు, కోసిన సెల్లుల వంక చూశాడు, నా వంక చూశాడు.  నానమ్మ చేతిలోంచి టార్చి తీసుకున్నాడు. దాని మూత తిప్పాడు. అందులోంచి రెండు సెల్లులు తీసి చీకట్లోనే రేడియోలో వేశాడు.

అవును. రేడియోకి పట్టే సెల్లులే రెండు, ఆ టార్చిలో. గంటసేపు వాటి వెలుగులోనే నేను సెల్లులకు బదులు ఆలూ గుచ్చుతూ కూర్చున్నాను.

గంట వెలిగి అవి కూడా సగం చచ్చాయి. గొంతు గుసగుసలా వచ్చింది. వేటకెళ్ళిన పడవలు ఒడ్డు చేరాయంటూ కొన్ని ఊళ్ళ పేర్లు చదివారు. మూడో పేరు మాది. తర్వాత రేడియో ఆగిపోయింది. నానమ్మ ఆ చీకట్లో గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జింకు దిగిన ఆలూ తినకూడదని అన్నీ పారేశాం. మొదట చెబుతానన్నాను కదా, మిగిలినవి నానమ్మ ప్రాణం, మూగబోయిన రేడియో. మర్నాడు బిమల్‌దా గిన్నెడు కిచిడీ తెచ్చి పెట్టి వెళ్ళాడు.

నానమ్మ మాత్రం మనవడు ఆలూతో రేడియో పలికించాడని లైన్లన్నిటికీ చెప్పింది. చిన్నాన్నకి ఉత్తరం కూడా రాయించింది. ఆలూలు పట్టుకుని మా గుమ్మం ముందు జనం నిలబడితే నేను దొడ్డిదారిన పారిపోయేవాణ్ణి. చీకట్లో ఆమెకు తెలియలేదులే అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఆమె మంచం పట్టినప్పుడు నిజం చెప్పేశాను.

"నాకు తెల్దేటి?" అంది. "టార్చి నా సేతిలోంచే కదా తీసేడు."

"మరి అందరికీ ఆలూ అని ఎందుకు సెప్పేవు?"

"ఆ యేళ టార్చి నీ మొకం మీద కూడా పడింది నాయినా. ఆ మొకం సూసినోళ్ళెవులూ నిజం సెప్పలేరు."

అందుచేత, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఆలూని ఉడకబెట్టడానికి, వేయించడానికి, తినడానికి తప్ప మరెందుకూ ముట్టుకోను. సెల్లులు కావాలంటే శిబ్‌పూర్ దాకా నడుస్తాను.