పదో నంబరు వైపు దిగిన తూకం

దసరాకు పెట్టిన కుంకుమబొట్లను విజయేందర్ ఆఫీసులో ఏడాదంతా తుడవరు. బేగంపేటలోని ఆ చిన్న కంపెనీలో ఒక పాత కంప్యూటరుకు మాత్రం బొట్టు కాస్త పెద్దది. బోయిన్‌పల్లి మార్కెట్ కాటాల తూకం లెక్కగట్టే ప్రోగ్రాం అందులోనే ఉంది. అప్పట్లో ఇక్కడ పనిచేసిన లాలాగూడ రోనాల్డ్ దాన్ని ఎప్పుడో సీ భాషలో రాశాడు. హమాలీ బాక్సు దించి తప్పుకోగానే కాటా ఊగుతుంది. ఆ ఊపులోంచి అసలు బరువును పట్టుకోవడం దానికి తెలుసు. రోనాల్డ్ రాసిన కోడు చెడిపోయిన హార్డ్ డిస్కుతో పోయింది. మిగిలింది కంపైలైన ఫైలు. అది యంత్రానికి తప్ప మనిషికి అర్థం కాదు. ప్రోగ్రాంలో ఏ ఫంక్షన్‌ను పిలిస్తే ఏం ఇస్తుందో చెప్పే చిన్న హెడర్ ఫైలు కూడా తోడుగా మిగిలింది. రోనాల్డ్‌కు ఫోన్ చేస్తే, “అది పనిచేసేదని ఒక్కటే గుర్తుంది” అన్నాడు.

ఇప్పుడు వ్యాపారులకు పైథాన్ అనే మరో భాషలో కొత్త బిల్లింగ్ ప్రోగ్రాం తయారైంది. బొట్టు పెట్టిన చేత్తోనే పాతదాన్ని తీసి పారేసి, తూకం ప్రోగ్రామును బయటివాళ్లతో మళ్లీ మొదటినుంచి రాయిద్దామన్నాడు విజయేందర్. భక్తి అంతవరకే. కల్పలత అడ్డుపడింది. పిల్ల పెంపకంలో కొన్నేళ్లు ఇంట్లో ఉండిపోయి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. ఇంకా పర్మనెంట్ కాలేదు.

“దాన్ని ముట్టుకోవద్దు సార్. పైథాన్ నుంచే దాన్ని పిలిచి తూకం అడుగుతా.”

“అయితదా?”

“అయితది.”

ఆ ఒక్క మాట మీద ఆమె ఉద్యోగం నిలబడింది.

తీరా మార్కెట్లో టమాటలమ్మే లచ్చమ్మ తన బాక్సు కాటా మీద పెడితే, కొత్త తెర మీద కోట్లలో అంకె వచ్చింది. దాని ముందు మైనస్ గుర్తు.

“ఏంది బిడ్డా, నా టమాటలు గాల్లో తేలుతున్నయా?” అంది లచ్చమ్మ.

“నేను ముందే చెప్పలే?” అన్నాడు విజయేందర్. “ఇగ కొత్తగ రాయిద్దాం. సోమవారం షురూ.”

కల్పలత ఇంకో బాక్సు పెట్టించింది. రెండూ తీయించింది. బరువుతో ఏ సంబంధమూ లేని అంకెలే వచ్చాయి. పక్కనున్న పాత తెర మాత్రం ప్రతిసారీ సరిగ్గానే చూపిస్తోంది. అంటే లెక్క బాగానే ఉంది, చేరాల్సిన చోటికి చేరడం లేదు.

అంతలో ఫోన్. కల్పలత పెద్దమ్మను తీసుకురావడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లిన భర్త హరికిషన్.

“బండి వచ్చి మస్తు సేపయింది. ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం కాడ నిలబడి పరేషాన్ అయితున్న. ఎవరో ముసలామెను చూసి పెద్దమ్మే అనుకొని సంచి సుత అందుకున్న. దొంగ అని తిట్టింది.”

“పదో నంబర్ దిక్కు సుత బయటికి దారున్నది. అటు దిగిందేమో చూసినవా?”

“ఇటే వస్తదనుకున్న.”

కల్పలత ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కొత్త తెర వైపు తిరిగింది.

కంప్యూటరులో లెక్కలు చేసే ప్రాసెసర్‌కూ రెండు వైపులా దారులున్నాయి. పూర్ణాంకాలు ఒకవైపు దిగుతాయి, దశాంశాలు ఇంకోవైపు. మనం చెప్పకపోతే, సీ ఫంక్షన్ పంపేది పూర్ణాంకమేనని పైథాన్ అనుకుంటుంది. తూకం దశాంశాల వైపు బుద్ధిగా దిగి నిలబడింది. పైథాన్ ఇటువైపు వచ్చి, చేతికందిన సంచి పట్టుకుపోయింది. తూకం దశాంశంలో వస్తుందని హెడర్‌లో ఉంది. కల్పలత చదివింది. పైథాన్ హెడర్లు చదవదు. దానికి విడిగా చెప్పాలి.

“నేను మళ్ల చేస్తా, నువ్వు అటు పో” అని పెట్టేసి, ఆ ముక్క చెప్పే ఒక్క లైను రాసింది.

బాక్సు పెట్టారు. కాటా ఊగింది, నిలిచింది. రెండు తెరల మీదా ఒకే బరువు.

“ఇగ నేలకు దిగినయి” అంది లచ్చమ్మ.

“ఒక్క లైనా?” అన్నాడు విజయేందర్. “గింత దానికా గంత తక్లీఫ్?” తెర మీది బరువు ఇంకోసారి సరిచూసి, “సోమవారం మిర్చి కాటా సుత గిట్లనే కలుపు” అన్నాడు.

కల్పలత బోర్లించిన బాక్సు మీద కూలబడింది. మళ్లీ ఫోన్ మోగింది.

“దొరికింది. పదో నంబర్ దిక్కే ఉండె. తిడుతున్నది.”

“తిట్టనీ, మనిషి దొరికింది గద” అంటూ లచ్చమ్మ వైపు తిరిగింది. “ఓ రెండు కిలోలు ఇంటికి జోకు అత్తా. కొత్త దాంట్లోనే.”