ఫ్రావ్ బ్రెన్నర్‌కు కనిపించినావిడ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు అంటే సరిపోదు. మా ఇంట్లో అసలు ఆ మాటే ఎత్తనిచ్చేవారు కాదు. నన్ను పెంచిన పెద్దమ్మ మిషన్ బడిలో లెక్కల టీచరు. రేవు దగ్గర ఏదో చూశామని ఎవరైనా వచ్చి చెబితే, పడుకుని లేస్తే అదే పోతుందని పంపించేసేది. నేను ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు జర్మనీలోని కార్ల్స్‌రూహెలో కంటి జబ్బుల మీద పరిశోధన చేసే బృందంలో పని చేస్తున్నాను. అందుకే ఇది రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

మా పని గురించి కాస్త చెప్పాలి. కంటి వెనక రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. దాని నిండా వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. షుగరు వచ్చినా, వయసు మీద పడినా అవి పాడైపోతుంటాయి. సూది గుచ్చకుండా, ఒక్క వెలుతురుతోనే ఆ నాళాలను ఫొటో తీసే యంత్రం మా దగ్గర ఉంది. ఆ ఫొటోల్లో తేడా ఉంటే పట్టుకునే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. నేను డాక్టర్ని కాదు.

ఫొటోలు తీయించుకోవడానికి వచ్చే వలంటీర్లలో ఫ్రావ్ బ్రెన్నర్, అంటే శ్రీమతి బ్రెన్నర్, ఒకరు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు బట్టలు కుట్టేవారట. కుడికంటి చూపు ఎప్పుడో పోయింది. ఎడమకన్ను కాస్త నయం. దాంతోనే పెద్ద అక్షరాలు చదువుకుంటూ, ట్రామ్‌లో ఒక్కరే వచ్చేవారు.

ఆవిడకు లేనివి కనిపించేవి. సోఫా మీద టోపీలు పెట్టుకున్న పిల్లలు, గోడల మీద పూల తీగలు. ఇందులో వింతేమీ లేదు. చూపు తగ్గినవాళ్ళలో కొందరికి, కనపడని చోటును మెదడే బొమ్మలతో నింపేస్తుంది. అది మతి చెడటం కాదు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. "పిల్లలు ఇవాళ కూడా టికెట్ లేకుండా ట్రామ్ ఎక్కారు" అని నవ్వేవారు.

ఆ రోజు పొద్దున బయట ముసురు పట్టి ఉంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఫొటోలు తీయడం అయింది. రెండు కళ్ళూ పోయినసారి లాగే ఉన్నాయని సాఫ్ట్‌వేర్ తేల్చింది. నేను స్క్రీన్ మూసేయబోతున్నాను.

"ఇవాళ మీ అమ్మని వెంటబెట్టుకొచ్చావా?" అన్నారు ఫ్రావ్ బ్రెన్నర్.

నేను నవ్వి, ఎలా ఉందని అడిగాను. అలా అడగడం మాకు మామూలే.

"పొట్టిగా ఉంది. ఒంటికి తెల్లబట్ట చుట్టుకుంది. చెవి నొప్పేమో పాపం, మణికట్టు చెవికి ఆనించుకుని నిలబడింది."

నేను స్క్రీన్ మూయలేదు.

పెద్దమ్మకు పెళ్ళి కాలేదు. నర్సాపురంలో ఉండేది. హైస్కూలు చదువుకి అమ్మ నన్ను ఆమె దగ్గర ఉంచింది. ఎప్పుడూ తెల్లచీరే కట్టేది. ఆమెకు షుగరు. చూపు మసకబారినప్పుడల్లా కళ్ళద్దాలు మార్చారు తప్ప, కంటి వెనక ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు. చూసేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

చూపు పోయాక కూడా ఆమె కీ ఇచ్చే చేతిగడియారం వదల్లేదు. రోజూ పొద్దున్నే కీ తిప్పి, మణికట్టు చెవికి ఆనించుకుని, "నడుస్తోందే" అనేది.

ఆదివారాలు నా భుజం మీద చేయి వేసి చర్చికి నడిచేది. కాలవగట్టు మీదికి రాగానే "ఏం కనపడుతోందో చెప్పవే" అనేది. నేను చెప్పుకుంటూ పోయేదాన్ని. పడవ, పడవలో కొబ్బరికాయలు, గట్టున ఎండేసిన దుప్పట్లు. రంగులు కూడా చెప్పాలి. రంగు చెప్పకపోతే అడుగు కదిపేది కాదు. నేను జర్మనీ రాకముందే ఆమె పోయింది. ఇప్పటికీ ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుంటే లోపల్లోపలే ఆమెకు చెబుతూ ఉంటాను. ఎర్రగొడుగు. తడిసిన సైకిళ్ళు. రాగిరంగు ఆకులు.

ఆ గదిలో ఇవన్నీ ఒక్కసారిగా నాకు గుర్తొచ్చాయి. ఫ్రావ్ బ్రెన్నర్ మాత్రం మామూలుగా చెప్పుకుపోతున్నారు.

"ఇప్పుడు నీ స్క్రీన్ మీదకి వంగింది. కింది మూల చూస్తోంది. ముక్కు తగిలేలా ఉంది."

పక్కకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. స్క్రీన్ మీద ఎడమకంటి ఫొటో ఇంకా తెరిచే ఉంది. కింది మూలను పెద్దది చేశాను. ఉండకూడని చోట, చిక్కుపడిన దారం ముక్కలాగా సన్నటి నాళాల ముడి ఒకటి కనపడింది. నా సాఫ్ట్‌వేర్ దాన్ని నీడ అనుకుని వదిలేసింది.

పై అంతస్తు నుంచి డాక్టర్ హార్ట్‌విగ్‌ని పిలిచాను. ఆమె చూసి, ఇవి కొత్తగా పుట్టిన నాళాలనీ, వాటిలోంచి అప్పుడే ద్రవం కారడం మొదలైందనీ చెప్పింది. ఆ మధ్యాహ్నమే కంటికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకొన్నాళ్ళు గడిచి ఉంటే ఆ కన్ను కూడా దక్కేది కాదట.

కాస్త తీరిక దొరికాక, ఫ్రావ్ బ్రెన్నర్ చెప్పినదంతా డాక్టర్ హార్ట్‌విగ్‌కి చెప్పాను. ఆమె నవ్వలేదు. మీరెప్పుడో మాటల్లో మీ పెద్దమ్మ గురించి చెప్పి ఉంటారు, అదే ఆవిడ మెదడులో ఉండిపోయి ఉంటుంది అంది. ఇంటికి వెళ్తే మా ఆయన ప్రవీణ్‌దీ అదే మాట. తను హైదరాబాద్ మనిషి.

"ఏదో ఒక అపాయింట్‌మెంట్‌ల నువ్వే చెప్పుంటవ్. నీకు యాదికి లేదంతే. లేకుంటే ఆమెకెట్ల తెలుస్తది?"

తెల్లచీర గురించి చెప్పానేమో. కాదనను. గడియారం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రవీణే ఆ సాయంత్రం మొదటిసారి విన్నాడు. ఫ్రావ్ బ్రెన్నర్‌తో నేను మాట్లాడే జర్మన్, గడ్డం ఇక్కడ ఆనించండి, రెప్ప వేయకండి, ఇవాళ చలి ఎక్కువగా ఉంది, ఇవాళ ఎవరు కనిపించారు అనేంత వరకే. పోనీ ఆవిడకు కనిపించిన మనిషి ఆ మూలకే ఎందుకు చూసినట్టు? నాకే లోపల ఏదో అనుమానం ఉండి అటే చూస్తూ ఉంటానని, ఆవిడ అది పట్టేసి ఉంటుందని ప్రవీణ్ అన్నాడు. నాకు అనుమానమేదీ లేదు. నేను స్క్రీన్ మూసేయబోతున్నాను.

అమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"అక్కేనంటావా?"

"తెలీదమ్మా."

"మొహం ఎలా ఉందో అడగవే ఆవిణ్ణి. ఆఖర్లో మరీ పీక్కుపోయింది కదా."

తర్వాతి నెల ఫ్రావ్ బ్రెన్నర్ వచ్చారు. ఎడమకన్ను నిలకడగా ఉంది. పుస్తకం చదువుకోగలుగుతున్నానని సంతోషంగా చెప్పారు. అమ్మ అడగమన్నది అడిగాను.

"నాకు కనపడే బొమ్మల్లో మొహాలు సరిగా రావమ్మాయ్. తను వెళ్ళిపోవడం మాత్రం చూశాను. ఈ స్టూలు, ఆ కుర్చీలు, నేల మీద నీ వైర్లు. దేన్నీ తడుముకోలేదు. అన్నిటినీ తప్పించుకుంటూ చకచకా నడిచి వెళ్ళిపోయింది."

చివరి ఏళ్ళలో పెద్దమ్మ తన సొంత గదిలో కూడా గోడ పట్టుకునే నడిచేది. అది కూడా నేను ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ పొరబడిందో వెతికి సరిచేశాను. ఆ గదిలో జరిగినదానికి మాత్రం ఎక్కడ వెతకాలో కూడా తెలియడం లేదు. ఫ్రావ్ బ్రెన్నర్‌కి ఆ తర్వాత పెద్దమ్మ కనిపించలేదట. నేనూ మళ్ళీ అడగలేదు.

ఆవిడ అలా చెప్పిన రోజు సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి, దేన్నీ తడుముకోకుండా నడిచి వెళ్ళిందన్న ఆ మాటలు అలాగే చెప్పాను.

"పోన్లేవే. చూపొచ్చిందన్నమాట" అంది అమ్మ.