వదిన ఎంచి ఇచ్చిన మాట

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. విగ్గులమ్మ విషయంలో మాత్రం ఆ సామెత చెల్లదనే వీధివీధంతా అనుకునేది. పెళ్ళై వచ్చిన కొత్తలోనే ఆమె, ఆమె ఆడపడుచు కలిసి వంటింటి పక్క గదిలో విగ్గులు అల్లడం మొదలుపెట్టారు. వదిన వేళ్ళు, ఆడపడుచు నోరు. పెట్టుబడి అంతే.

తల కొలతకి సరిపడే వల మీద, కొక్కెం సూదితో, ఒక్కొక్క వెంట్రుకనీ ముడి వెయ్యాలి. నడుం విరిగే పని. దానికి తోడు, పెళ్ళికి ముందు బళ్ళో ఇంగ్లిష్ చెప్పిన మనిషి కాబట్టి, పెట్టెల మీద అంటించే చీటీలు రాయడం కూడా విగ్గులమ్మ నెత్తినే పడింది. కొనేవాళ్ళలో ఎక్కువమంది జబ్బు చేసి జుట్టు రాలిపోయినవాళ్ళు. అందుకే ఒక్కో మాటకీ ఆమె పెట్టే పేచీ అంతా ఇంతా కాదు.

"ఫాల్స్ హెయిర్ అని రాసేస్తే పోలా? అందరూ అనేదే కదా," అనేది ఆడపడుచు.

"వద్దమ్మా. అందులో అబద్ధం వినిపిస్తుంది. అసలే అద్దం చూడ్డానికి భయపడే మనిషి, పెట్టె తెరవగానే అది చదవాలా? విగ్ అని రాస్తే చాలు."

"పోనీ, ఈ జుట్టుని థిన్ అందామా?"

"థిన్ అంటే పలచబడిపోయిందేమో అనుకుంటారు. ఫైన్ అందాం. సన్నగా, నాజూగ్గా ఉందని."

"నీతో వేగలేను వదినా! చీటీ రాయమంటే శాసనం చెక్కుతావు."

ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. గది పోయి కొట్టు వచ్చింది. కొట్టు కాగితాలు ఆడపడుచు పేరున ఉన్నాయని విగ్గులమ్మకి తెలుసు. పట్టించుకోలేదు. ఇంట్లో మనిషి దగ్గర రుజువులేమిటి, చోద్యం కాకపోతే!

ఈమధ్య ఒక పెద్ద ఆసుపత్రి తమ రోగులందరికీ వీళ్ళ దగ్గరే విగ్గులు తీసుకుంటామంది. కొట్టు గురించి ఫొటోలతో ఒక చిన్న పుస్తకం వేయించి పంపమంది. అప్పుడు పుట్టింది విగ్గులమ్మకి ఒక ఆశ. ఇన్నేళ్ళూ నోటిమాట మీద నడిచిన పొత్తు, ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని. తన ఫొటో కింద పార్టనర్ అని ఉంటుంది. ఆ మాటకి ఇంకో మాట వెతకాల్సిన అవసరమే ఆమెకి తోచలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడపడుచు అడిగింది.

"వదినా, హెల్పర్ అంటే బావుంటుందా, అసిస్టెంట్ అంటేనా?"

జుట్టు కడగడానికి కొత్తగా చేరినావిడ గురించి కాబోలనుకుంది విగ్గులమ్మ. సూది పక్కన పెట్టి మరీ చెప్పింది.

"హెల్పర్ వద్దమ్మా, బరువులు అందించే మనిషిలా ఉంటుంది. అసిస్టెంట్ అను. పని తెలిసిన మనిషన్న మర్యాద ఉంటుంది అందులో. పాపం, రోజంతా నీళ్ళలో నానే ప్రాణం. ఆమాత్రం గౌరవం ఇవ్వకపోతే ఎలా?"

ఆడపడుచు తలూపింది. ఎవరి గురించో మాత్రం చెప్పలేదు.

పుస్తకాలు అచ్చై వచ్చాయి. మొదటి పేజీలో ఆడపడుచు ఫొటో, కింద ఫౌండర్ అని. పేజీ తిప్పితే వల మీద వంగి ముడులేస్తున్న విగ్గులమ్మ. కింద అసిస్టెంట్ అని. జుట్టు కడిగే ఆవిడ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

విగ్గులమ్మ ఆ మాటని రెండుసార్లు చదివింది. పరాయివాళ్ళు చేసుంటే దుమ్మెత్తిపోసేది. నమ్మినదే గొంతు కోసింది, పైగా కత్తికి సాన పట్టి ఇచ్చింది తనే. ఆ సంగతి తల్చుకుంటే ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

"ఇదేంటమ్మా?" అంది, పేజీ మీద వేలు పెట్టి.

ఆడపడుచు తడబడలేదు. "ఆసుపత్రివాళ్ళకి యజమాని ఒక్కరే కనబడితే నమ్మకమట వదినా. ఇంట్లో మనకి తేడా ఏముంది చెప్పు? అయినా ఆ మాట నువ్వు ఎంచిందే కదా. మర్యాదగా ఉంటుందన్నావు."

"నాకని చెప్పుంటే సర్వెంట్ అని రాయమనేదాన్ని," అంది విగ్గులమ్మ. "రాసేటప్పుడు నీ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగేది."

వదిన చించేస్తుందేమోనని ఆడపడుచు బల్ల మీదున్న పుస్తకాల కట్టని మెల్లగా తన వైపుకి లాక్కుంది.