పోయేవాటిని చదివి వినిపించిన మేడం

మొన్న పొద్దున హబ్సిగూడల ఇడ్లీ తింటుంటె ఫోన్ వచ్చింది. మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ మేడం పోయిన్రట. రిటైరై ఏడాది గూడ కాలే. ప్లేటు అట్లనే వదిలేసి తార్నాక దిక్కు నడిచిన. ఏడుస్తున్ననని ఎవరో ఆగి చూస్తె గాని తెల్వలే.

మా సర్వర్లల్ల నడిచేది పెద్ద సంస్థల కోసం తయారుచేసిన లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. దానికి అప్‌డేట్ వచ్చిందంటె కొత్తగ ఏమొచ్చిందని అందరు ఎగబడేటోళ్లు. మేడం మాత్రం దాంట్లకెల్లి ఏమేం తీసేసిన్రో ఆ జాబితా చూసేవాళ్లు. చాయ్ టైముకు మెట్ల కాడ నిలబడి ఒక్కోటి గట్టిగ చదివేవాళ్లు. సర్వర్ రూము చలికి, ఎండకాలంల గూడ భుజాన శాలువా. మాట గుంటూరు దిక్కుది.

"పాపం, ఇదీ పోతోంది. దీనికి మీలో చుట్టాలెవరైనా ఉన్నారా?"

మేం పక్కున నవ్వేటోళ్లం. "నవ్వండి, నవ్వండి. వచ్చినవాటి గురించి ఊరంతా చెప్తారు. పోయేవాటి గురించి ఒక్కరన్నా చెప్పాలిగా!" అనేవాళ్లు.

ఒకపారి అట్ల చదువుతుంటె చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టేసిన. ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాషల పాతదాన్ని పూర్తిగ తీసేస్తున్నరట. మా ఊరి బోర్లల్ల నీళ్లు ఎంత లోతుకు పోయినయో లెక్కగట్టే నా ప్రోగ్రాం దాంట్లనే నడుస్తది. సీనియర్ రాసిచ్చి పోయిండు. థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడ్డది. అది ఆగితె నా పీహెచ్‌డీ గంగల కలిసినట్టే.

"నేనే చుట్టాన్ని మేడం" అన్న, కండ్లు తుడుచుకుంట.

"ఏడవకమ్మా. నీ పనయ్యేదాకా ఒక మిషన్‌లో పాతదే ఉంచుతా. నువ్వు మాత్రం రోజూ వచ్చి కాస్త కాస్త కొత్తదాంట్లోకి మార్చుకో. ఎల్లకాలం ఎవరు కాపలా కాస్తారు?"

అబ్బ, ఎంత సతాయించిన్రో! తీరా మార్చినంక పాత లెక్క, కొత్త లెక్క కలవలే. కొత్తదే తప్పని నేను కొట్లాడిన. మేడం పక్కన కూసొని వరుసవరుస చూసిన్రు.

"ఏడుని రెండుతో భాగిస్తే పాతది మూడే అంటోంది చూడు. అర మింగేస్తోంది. మీ ఊళ్లో నీళ్లు నువ్వనుకున్నదానికన్నా లోతుకు పోయాయమ్మా" అన్నరు మెల్లగ.

ఆ అప్‌డేట్ రాకపోతె, మేడం చదవకపోతె, తప్పు లెక్కకే డాక్టరేట్ తీసుకుంటుంటి.

థీసిస్ ఇచ్చినంక పాత మిషన్ బంద్ చెయ్యనీకి ఇద్దరం పోయినం. "అబద్ధాలకోరు మేడం ఇది, పీకేద్దాం" అన్న.

"అలా అనకు. దానికి తెలిసినంతలో అది చేసింది" అని బటన్ నొక్కి, డబ్బా మీద చెయ్యి పెట్టిన్రు. లోపల ఫ్యాన్ మెల్లమెల్లగ నెమ్మదించింది. చప్పుడు పూర్తిగ ఆగేదాక ఆ చెయ్యి తియ్యలే.

నిన్న నల్లకుంటల వాళ్లింటికి పోయిన. దవాఖానల ఆఖరుకు ఎవరన్న మేడం మీద అట్ల చెయ్యేసి కూసున్నరా అని వాళ్ల చెల్లెను అడుగుదామనుకున్న. అడగకుండనే చెప్పులేసుకొని వచ్చేసిన.