అరటిపండుకు లొంగని కీబోర్డు

నొక్కగానే లొంగిపోయే వస్తువంటే వీరవెంకటసత్యనారాయణగారికి గిట్టదు. ఏదైనా సరే, నొక్కితే కాస్త ఎదురు తిరగాలి. పరుపు ఎదురు తిరగాలి, తలగడ ఎదురు తిరగాలి, గోడకున్న స్విచ్చి ఎదురు తిరగాలి. ఆయన కోరిక సంపూర్ణంగా తీర్చింది ఆయన భార్య, తన అక్క మీనాకుమారి ఒక్కతేనని బావమరిది ఉదయ్‌భాస్కర్ అంటూ ఉండేవాడు, అక్క వినకుండా.

రావులపాలెం అరటి మార్కెట్లో ఆయన అడుగు పెడితే చాలు, వ్యాపారులు గెలల మీద గోనెపట్టాలు కప్పేసేవారు. కొనేది గెలలో ఒక్క అత్తం పళ్లు, నొక్కేది మార్కెట్టంతా. ఓసారి జ్వరం వచ్చి డాక్టరుగారింటికి వెళ్లారు. అక్కడి కాలింగ్ బెల్లు మరీ మెత్తగా తగిలేసరికి అనుమానం వచ్చి, బొటనవేలితో గట్టిగా నొక్కి చూశారు. బెల్లు గోడలోకి వెళ్లిపోయి, అక్కడి నుంచే మోగడం మొదలెట్టింది. డాక్టరుగారు ముందు కరెంటు మనిషిని పిలిపించి, ఆ తర్వాతే ఈయన నాడి చూశారు.

అలాంటి మనిషికి దేవుడు టైపు ఇన్‌స్టిట్యూట్ ఇచ్చాడు. పాత టైపు మిషన్లు ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయాయి. ఒక్కో అక్షరం పడాలంటే పిల్లలు మోచేతి దాకా బలం తెచ్చుకోవాల్సి వచ్చేది. అక్కడ నేర్పేది సత్యకుమారిగారు. కోనసీమలో ఏ ఆఫీసుకెళ్లినా ఆవిడ దగ్గర లోయరో హయ్యరో పాసైన గుమాస్తా ఒకరు లేచి నిలబడి దండం పెట్టేవారు. ఇన్‌స్టిట్యూట్ తప్ప ఆవిడకు వేరే ప్రపంచం లేదు. ఆదివారం సెలవిస్తే, మిషన్లు దుమ్ము పట్టాయంటూ తుడవడానికి వచ్చేసేవారు.

తొంభై తొమ్మిదిలో కాలం మారింది. రాజమండ్రిలో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి వచ్చిన ఉదయ్‌భాస్కర్, బావగారిని నెల రోజులు బతిమాలి టైపు మిషన్లు తీయించి కంప్యూటర్లు పెట్టించాడు. శుభలేఖలు, అర్జీలు, ప్రాజెక్టు రిపోర్టులు వచ్చిపడ్డాయి. అంతా బాగానే ఉంది గాని, సత్యకుమారిగారి చేతిలో మాత్రం పని చెడడం మొదలైంది. ఆవిడ కొట్టిన ప్రతి పేజీలోనూ ఒక్కో అక్షరం రెండుసార్లు, మూడుసార్లు పడేది. ఒక శుభలేఖలో పెళ్లివారి డోర్ నంబరు పద్నాలుగు కాస్తా వెయ్యి దాటింది. అంత పెద్ద నంబరు గల ఇల్లు వెతుక్కుంటూ మగపెళ్లివారి బస్సు కొత్తపేటంతా చుట్టి, చివరికి వేరే పెళ్లిలో భోంచేసి వచ్చింది.

ఆడపిల్ల తండ్రి వచ్చి నానా మాటలూ అన్నాడు. ఉదయ్‌భాస్కర్‌కి తల కొట్టేసినట్టయింది. టైపు మిషన్ల కాలం మనిషికి కంప్యూటర్ అబ్బదని తేల్చేశాడు. కొత్త సంవత్సరం నుంచి ఆవిడను ఇంట్లో విశ్రాంతి తీసుకోమందామని బావగారితో చెప్పాడు. వీరవెంకటసత్యనారాయణగారు ఎదురుగా ఉన్న కీబోర్డు మీద ఒక కీ నొక్కారు.

"తప్పు ఆవిడది కాదయ్యా," అన్నారు. "దీనిది. వేలు పెట్టకుండానే దిగిపోతోంది. సిగ్గూ శరం ఉండక్కర్లేదా? నాకు ఇలాంటివి పడవు. మార్పించేస్తాను."

మరునాడు పొద్దున్నే ఇద్దరూ రాజమండ్రి బస్సెక్కారు. బావగారి చేతిసంచిలో అరటిపళ్లున్నాయి. దారిలో తినడానికి కాబోలని ఉదయ్‌భాస్కర్ ఒకటి తీసుకోబోతే, చెయ్యి మీద ఒకటిచ్చారు.

కంప్యూటర్ల కొట్టువాడు కొత్త కీబోర్డులు తెచ్చి వరసగా పేర్చాడు. వెన్నలా ఉంటాయండి, తాకితే చాలండి అని మురిసిపోతూ చెప్పాడు. ఈయన సంచిలోంచి చిన్న కర్పూర అరటిపండు తీసి, ఒక కీ మీద నిలబెట్టి, పడిపోకుండా అరచేతులు అటూ ఇటూ అడ్డం పెట్టారు, దీపానికి గాలి తగలకుండా కాపాడినట్టు. కీ దిగిపోయింది. తెర మీద ఒకే అక్షరం చీమల బారులా పరిగెత్తింది.

"అరటిపండుకే లొంగిపోయింది. దీన్ని ఎలా నమ్మమంటారండి?" అన్నారు.

అప్పుడాయన తనకేం కావాలో విడమరిచి చెప్పారు. కీ మీద వేలు ఊరికే ఆనితే దిగకూడదు. నొక్కితే సగంలో పొలం గట్టులాంటిది ఒకటి అడ్డం తగలాలి. ఆ గట్టు దాటాలని మనిషి మనస్ఫూర్తిగా అనుకుంటేనే టక్కున దిగాలి. అనుకోకుండా తగిలిన వేలుకి ఒక్క అక్షరం కూడా పడకూడదు. కొట్టువాడు అంతా శ్రద్ధగా విని, అలాంటివి తయారవడం మానేశారండి అని నమస్కారం పెట్టాడు. మధ్యాహ్నానికి ఆ వీధిలో మిగతా కొట్లవాళ్లు, అరటిపళ్లాయన వస్తున్నాడని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. ఉదయ్‌భాస్కర్ తనకూ ఈయనకూ చుట్టరికం లేనట్టు పది అడుగులు వెనక నడిచాడు.

చివరికి పాతసామాన్ల కొట్లో దొరికాయి. ఏదో ఆఫీసువాళ్లు తీసి పారేసిన మొదటికాలం కీబోర్డులు. ఒక్కోటి రుబ్బురోలు పొత్రమంత బరువుంది. అరటిపండు నిలబెడితే కీ కదల్లేదు. పక్కన ఇంకోటి ఆనించినా ఊగిందే గాని దిగలేదు. వేలితో నొక్కితే మాత్రం గట్టు తగిలి, టక్కుమని దిగి, వేలిని పైకి తోసేసింది. ఆయన కళ్లు మెరిశాయి. ఒక్కటి కొంటే పోయేదానికి, ఉన్నవన్నీ కొనేశారు. అన్ని మిషన్లకూ ఇవే ఉండాలని పట్టుబట్టారు. ఇన్‌స్టిట్యూట్లో తీసేసిన మెత్తటివి గోదాట్లో పారేస్తానని తనే పట్టుకుపోయారు.

ఆ రోజు నుంచి ఇన్‌స్టిట్యూట్ పక్కన బట్టల కొట్టాయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు. పిల్లలు వేళ్లు ఊదుకుంటూ ఇళ్లకు వెళ్లేవారు. కాని సత్యకుమారిగారి పేజీలు మాత్రం కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఒక్క అక్షరం రెండోసారి పడలేదు. ఉదయ్‌భాస్కర్, పోనీలే అలవాటు పడినట్టున్నారు అనుకుని, విశ్రాంతి మాట వెనక్కి తీసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఏదో పనిమీద బావగారింటికి వెళ్లాడు. వెనక గదిలో పిల్లల కంప్యూటర్ ముందు బావగారు కూర్చుని ఉన్నారు. ఒళ్లో గోదాట్లో పారేసిన మెత్తటి కీబోర్డు. వేళ్లు దాని మీద గాల్లో తేలిపోతున్నాయి. మొహంలో చెప్పలేనంత సుఖం.

"బావగారూ, ఇవి గోదాట్లో పారేశానన్నారు కదండి?"

"నీళ్లు తక్కువున్నాయి," అన్నారు ఆయన, తల తిప్పకుండా.

"మీకు మెత్తటివి పడవన్నారు?"

వీరవెంకటసత్యనారాయణగారు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. నొప్పుల మందు రాసుకున్న వేళ్లు చూపించారు. "ఆ రోళ్లు నొక్కలేక చస్తున్నానయ్యా. పరుపులూ తలగడలూ వేరు. రోజంతా కొట్టేదానికి ఇదే హాయి."

"మరి ఇదంతా ఎందుకండీ?"

"మన ఇన్‌స్టిట్యూట్లో శుక్రవారం హారతి ఇస్తుంటే సత్యకుమారిగారి పళ్లెం చూశావా ఎప్పుడైనా? గలగలలాడిపోతుంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. పాత మిషన్ మీద బయటపడలేదు, గట్టిగా కొడితేగాని అక్షరం పడదు కాబట్టి. ఇవేమో తాకితే చాలు, పడిపోతున్నాయి. ఆవిడ ఆ సంగతి మనకు చెప్పలేదు. చెప్పనప్పుడు మనకు తెలియకూడదు. ఆవిడ ఒక్కరికే గట్టిది పెడితే తెలిసిపోదూ? అందుకని చాదస్తం నా మీద వేసుకున్నాను. నాకిది కొత్తేం కాదు, ఊరంతా ఎలాగూ నమ్ముతుంది."

ఉదయ్‌భాస్కర్‌కి రాజమండ్రిలో పది అడుగులు వెనక నడిచినందుకు సిగ్గేసింది. బావగారి వేళ్లకు తనే ఇంకాస్త మందు రాశాడు.

మరుసటి వారంలో రాజమండ్రి నుంచి ఒక కంపెనీ కుర్రాడు కొత్త రకం కీబోర్డులు పట్టుకొచ్చాడు. పాతవిచ్చి కొత్తవి తీసుకోవచ్చన్నాడు. ఉదయ్‌భాస్కర్ మొహం చిట్లించి, మాకు మెత్తటివి పనికిరావండి అని చెప్పబోతున్నాడు. అంతలో సత్యకుమారిగారే లేచి వచ్చి అతన్ని పక్కకు పిలిచారు.

"ఉదయ్ బాబూ, మార్చకు. కొత్తవి తేలిగ్గా ఉంటాయని నాకూ తెలుసు. కాని మాష్టారి చాదస్తం నీకు తెలియంది కాదు, పెద్దాయన బాధపడతారు. నేను ఆయన కోసమే ఇన్నాళ్లూ ఈ బండలతో సర్దుకుపోతున్నాను. నువ్వు కూడా కాస్త సర్దుకో నాయనా."

గొంతు తగ్గించే చెప్పారు గాని, టైపు మిషన్ల మధ్య బతికిన గొంతు కాబట్టి గదంతా వినబడింది. ఉదయ్‌భాస్కర్ బావగారి వైపు చూశాడు. వీరవెంకటసత్యనారాయణగారు కుర్చీలోంచి లేచి, ఆవిడకు వినయంగా చేతులు జోడించారు.

"మీలాంటివారు సర్దుకుపోబట్టే నాలాంటివాడికి జరిగిపోతోందండి," అన్నారు.