చేవెళ్ల రోడ్డు మీద ఫ్రెంచి పంచాయితీ

మా దగ్గర ఇంటర్మీడియెట్‌లో ఫ్రెంచి తీసుకునే పిల్లలకు ఫ్రాన్సు మీద ప్రత్యేకమైన అభిమానమేమీ ఉండదు. రెండో భాషగా తెలుగు తీసుకుంటే పద్యాలు బట్టీ పట్టాలి, ప్రతిపదార్థాలు రాయాలి. అంత చేసినా పంతులు మార్కులు కోస్తాడు. ఫ్రెంచి అట్లా కాదు. జవాబులు చాలామటుకు ఇంగ్లీషులోనే రాయొచ్చు, మార్కులు ధారగా పడతాయి, మిగిలిన సమయమంతా లెక్కలకు దక్కుతుంది. ఈ సంగతి మొయినాబాద్‌లో కూరగాయల బండి నడిపే ఆయనకు కూడా తెలుసు. అందుకని మా చిన్నాయన కొడుకు తన బిడ్డను మొయినాబాద్‌లోనే చేవెళ్ల రోడ్డు మీది జూనియర్ కాలేజీలో చేర్పించి ఫ్రెంచి ఇప్పించినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అతను నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. మొయినాబాద్ పక్క ఊరు హిమాయత్‌నగర్‌లో గులాబీ తోట ఉంది. ఒకప్పుడు సర్పంచి. పదవి పోయింది గాని మాట పోలేదు. గెట్టు తగాదా అయినా, ఆలుమగల కొట్లాట అయినా నలుగురు కూర్చున్నచోట అతని గొంతు వినబడాల్సిందే. బిడ్డ దానికి పూర్తిగా ఎదురు. ఊళ్లో సర్కారు బడిలో బాగానే చదివింది. కాలేజీకి వచ్చేసరికి పక్క బెంచీలన్నీ పట్నం బళ్లలో చదివినవాళ్లవి. మొదట్లోనే ఒకరోజు ఇంగ్లీషు క్లాసులో లేచి జవాబు చెప్పింది. వెనకాల ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఏ క్లాసులోనూ ఆమె లేవలేదు. ఇంట్లో సరేసరి. తండ్రి ఉన్నచోట ఇంకొకరు మాట్లాడాల్సిన అవసరం అంతగా పడదు.

ఫ్రెంచి చెప్పడానికి మెహదీపట్నం నుంచి బస్సులో ఒక మేడం వచ్చేది. వయసులో చిన్నది. భాష అన్నాక మాట్లాడాలి అని ఆమెకొక నమ్మకం. రెండో భాష విషయంలో మా కాలేజీల్లో అటువంటి నమ్మకం అంతకు ముందు ఎవరికీ ఉండినట్టు నేను వినలేదు. మొదటి వారంలోనే తల్లిదండ్రులందరికీ ఒక కాగితం పంపింది. ఏడాది ముగిసేసరికి పిల్లలు ఏమేం నేర్చుకోవాలో అందులో ఉన్నది. తమ పేరు, ఊరు, ఇంటివాళ్ల సంగతి చెప్పగలగాలి. హోటల్లో కావలసింది అడిగి తెప్పించుకోగలగాలి. రైల్వే స్టేషనుకు తోవ అడగగలగాలి. ఎండా వానా మంచూ గురించి రెండు ముక్కలు చెప్పగలగాలి. శనివారం చివరి గంటలో పుస్తకం తెరవరు, మాట్లాడటమే. అర్ధ సంవత్సరం పరీక్షల లోపల ప్రతి ఒక్కరూ కాగితం లేకుండా అందరి ముందు నిలబడి మాట్లాడాలి. ఆఖరున, 'ఈ క్లాసులో తప్పు మాట్లాడవచ్చు, తప్పు మాట్లాడినవాళ్లను చూసి నవ్వకూడదు, మాట్లాడకుండా మాత్రం ఉండకూడదు' అని రాసి ఉంది.

పిల్లకు ఆ ఆఖరి వాక్యం నచ్చిందని నాకు తర్వాత తెలిసింది. శనివారం గంటలో పట్నం పిల్లలకూ రాదు, ఆమెకూ రాదు. అందరూ ఒకే గీత దగ్గర నిలబడ్డారు. పైగా నవ్వడం నిషేధం. ఆ గంటలో ఆమె లేచేది, మాట్లాడేది. కాలేజీ మొత్తంలో ఆమె గొంతు వినబడేది అక్కడొక్కచోటే. ఈ సంగతి మేడంకు తెలుసు, పిల్లకు తెలుసు. తండ్రికి తెలియదు. అతనికి తెలిసిందల్లా తన బిడ్డ నోట్లో నాలుక లేనిదనీ, దాన్ని నలుగురిలో నిలబెడితే గుండె ఆగిపోతుందనీ.

"అన్నా, జర రేపు కాలేజీ దాక పోయొద్దాం," అన్నాడు ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి.

"నేనెందుకు?"

"మీరు పేపర్ల పనిచేసిన మనిషి. ఏం మాట్లాడకుండ్రి. ఊకె కూసోండ్రి, చాలు."

మా వైపు ఏ ఆఫీసుకూ ఒంటరిగా పోరు, ఖాళీ చేతులతో పోరు. పని పెద్దదైతే కారు నిండాలి, శాలువా ఉండాలి. రిపోర్టరుగా నేను అటువంటి కార్ల వెనక చాలా తిరిగాను గాని లోపల కూర్చోవడం అదే మొదలు. ముందు సీట్లో తమ్ముడు. వెనక నాతోపాటు ఎరువుల దుకాణం యజమాని, ఆయన కొడుకూ అదే క్లాసు. ఇంకొకాయన అజీజ్‌నగర్ పెద్దమనిషి, తెల్లమీసాలు, ఆయన మనుమడిది కూడా ఫ్రెంచే. తమ్ముడి ఒడిలో తోటలోంచి కోసిన గులాబీల గుత్తి.

ప్రిన్సిపాల్ ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు. తమ్ముడు ముందుగా ఆయనకు శాలువా కప్పాడు, మేడం చేతికి పూలిచ్చాడు. శాలువా కప్పించుకున్న మనిషి వెంటనే కాదనలేడు, ఆ ఆచారంలో కిటుకంతా అదే. తర్వాత మొదలైంది పంచాయితీ. నేను చూసిన భూమి పంచాయితీలకూ దీనికీ పద్ధతిలో తేడా లేదు. ఒక్కొక్క అంశం తీసి హద్దులు కొలవడమే.

"రైల్వే స్టేషన్ తోవ అంటున్నరు మేడం. మొయినాబాద్‌ల స్టేషనే లేదు. గది తీసెయ్యుండ్రి," అన్నాడు ఎరువుల దుకాణం ఆయన.

"బస్టాండుకు మార్చుదాం," అంది మేడం.

"మంచు ఎందుకు? మనకు మంచెక్కడిది? చలికాలం పొద్దుగాల జర పొగమంచు, అంతే."

"పొగమంచే పెడదాం."

తెల్లమీసాల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "హోటల్ల అడుగుడు మా పోరగాండ్లకు మీరు నేర్పే పని లేదమ్మా. ఆ పనిల వాళ్లు చాన ముందున్నరు."

అందరూ నవ్వారు, మేడం కూడా. అప్పుడు తమ్ముడు అసలు సంగతి తీశాడు.

"ఒక్కటే మాట సార్. శనివారం గంట మాకు లెక్కలకియ్యుండ్రి. పరీక్షల లేని మాటలకు గంట దండుగ. అందరి ముంగట నిలబడుడు అసలే వద్దు. ఆడపిల్లలు భయపడుతున్నరు."

"ఎవరు భయపడుతున్నరు?" అంది మేడం.

"ఉన్నరులే మేడం."

"పిల్లలను అడిగిండ్రా?"

"పిల్లలనేం అడుగుతం? వాళ్ల కోసమే గద వచ్చినం."

ప్రిన్సిపాల్ భుజం మీది శాలువా సర్దుకొని, పెద్దలు చెప్పినాక కాదనేదేమున్నది, అన్నాడు. చాయ్ వచ్చింది. మేడం గ్లాసు ముట్టలేదు. తిరుగు ప్రయాణంలో కారంతా సంబరంగా ఉన్నది. కాలువ తగాదా గెలిచినట్టే.

ఇంట్లో పిల్ల అలిగింది. ఆ సంగతి బయటపడటానికి చాలాకాలం పట్టింది. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడటం మానేస్తే ఎవరికి తెలుస్తుంది? చివరికి తల్లి గుర్తుపట్టింది, అన్నం కంచం అట్లే తిరిగి వస్తుండటం చూసి. ఆదివారం పొద్దున నేను వాళ్లింట్లోనే ఉన్నాను. తల్లి పిల్లను తండ్రి ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"ఏమైంది బిడ్డా? ఎవరన్న ఏమన్న అన్నరా?"

పిల్ల నేల చూస్తూ చెప్పింది. "గా గంట ఎందుకు తీయించినవ్ బాపు?"

"నీ కోసమే తీయించిన."

"నేను మాట్లాడేదే గా గంటల."

పిల్ల లోపలికి పోయింది. తమ్ముడు లేచి తోట గట్టు దాకా పోయి తిరిగొచ్చాడు. పశ్చాత్తాపం ఒక ఎత్తు, చిక్కు ఇంకొక ఎత్తు. నలుగురు పెద్దమనుషులతో పోయి ఒప్పించిన మాటను ఒక్కడే పోయి తప్పిస్తే, తన బిడ్డ కోసం మాట మార్చిండు అంటారు. పదిమందితో వేసిన ముడిని పదిమందితోనే విప్పాలి.

"మేడంకు ఫోన్ చేసి చెప్పరాదు?" అన్నాను.

"గట్లెట్లైతదన్నా. మళ్ల కారు తియ్యాలె."

కారులో ఏం చెప్పి ఎక్కించాలి అన్నది రెండో చిక్కు. బిడ్డ ఏడుస్తున్నదంటే తెల్లమీసాల ఆయన దిగిపోతాడు. తమ్ముడు రాజకీయం తెలిసినవాడు. ఎరువుల దుకాణంలో కూర్చొని, ఎటో చూస్తూ, మామూలుగా అన్నాడట: "చేవెళ్ల కాలేజీల ఫ్రెంచి మాట్లాడిస్తున్నరట. మనోళ్లేమో రాసుడు కాడనే ఉన్నరు."

చేవెళ్లలో ఎవరూ ఏమీ మాట్లాడించడం లేదు. కానీ చేవెళ్ల పేరు మొయినాబాద్‌లో ఎప్పుడూ పనిచేస్తుంది. రోడ్డు విస్తరణ నుంచి వినాయకుడి ఎత్తు దాకా ఆ పోటీ ఉన్నదే. మర్నాటికి కారు నిండింది, ఎరువుల దుకాణం ఆయనే శాలువా కొన్నాడు. నన్ను మళ్లీ పట్టుకుపోయారు, ఊరికే కూర్చోవడానికి.

ప్రిన్సిపాల్ రెండో శాలువాను కూడా అంతే మర్యాదగా కప్పించుకున్నాడు. ఆయన వృత్తిలో ఇటువంటివి చూసినవాడు. మేడం మాత్రం తమ్ముడి ముఖం వైపే చూసింది.

"శనివారం గంట వద్దంటిరి కదా?"

"ఇప్పుడు కావాలంటున్నం మేడం."

"అందరి ముందు నిలబడి మాట్లాడటం?"

"గది కూడ."

తెల్లమీసాల ఆయన ఊరుకోలేదు. "మాట్లాడుడుతోని ఏమొస్తదో మేం కూడ చూడాలె. తల్లిదండ్రులను పిలువుండ్రి. ముందుగాల ఈయన బిడ్డ మాట్లాడాలె. ఈ ముచ్చట తెచ్చింది ఈయననే గద."

తమ్ముడి రంగు మారింది. ఒప్పుకోక తప్పలేదు. ఆ రాత్రి బిడ్డకు భయం భయంగా చెప్పాడట, ఇష్టం లేకుంటే జరం వచ్చిందని చెబుతానని. పిల్ల వద్దన్నదట.

ఆ శనివారం మేం వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నాం. పిల్ల ముందుకు వచ్చి నిలబడింది. బొంజూర్ అన్న నమస్కారం మాకందరికీ అర్థమైంది, పెద్దాయన తల కూడా ఊపాడు. ఆ తర్వాత ఒక్క ముక్కా తెలియలేదు. ఒకచోట ఆగింది, వెనక్కి పోయి మళ్లీ అందుకున్నది. ఎవరూ నవ్వలేదు. ఫ్రెంచిలో ఎక్కడ నవ్వాలో తెలిసినవాళ్లు ఆ గదిలో మేడం ఒక్కరే, ఆమె నవ్వే స్థితిలో లేదు. తమ్ముడు బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మధ్య మధ్య పాపా, అదే నాన్న, అన్న మాట వినబడినప్పుడల్లా నా వైపు చూస్తున్నాడు.

పిల్ల ముగించాక పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దలు కూడా కలిశారు. తెల్లమీసాల ఆయన మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు. "మంచిగనే ఉన్నది. గాని ఏం చెప్పింది?"

మేడం చెప్పబోయింది. అంతలో పిల్లే అందుకున్నది, తెలుగులో, అదే గొంతుతో. "మాది హిమాయత్‌నగర్ అని చెప్పిన. మా ఇంట్ల గులాబీ తోట ఉన్నది. పొద్దుగాల పొగమంచు వడుతది. మా బాపు బాగ మాట్లాడుతడు. మా అమ్మ తక్కువ మాట్లాడుతది. నేను ఇప్పుడిప్పుడు నేర్చుకుంటున్న. గంతే."

"గింతేనా?" అన్నాడు పెద్దాయన. "గీ మాత్రానికి ఫ్రెంచి ఎందుకు బిడ్డా? తెలుగుల చెప్పకపోయినవా?"

"తెలుగుల చెప్తే మీరు గింత సేపు ఊకె కూసోని వింటుంటిరా తాతా?"

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. మేడం తర్వాతి పేరు పిలిచింది, ఎరువుల దుకాణం వాళ్లబ్బాయి లేచాడు. పిల్ల మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉన్నది. ఇంకెవరైనా ఏమైనా అడుగుతారేమోనని మా వైపు చూస్తున్నది.